అంకె రాసేస్తే అయిపోయిందా?

ఇప్పటి కుర్రాళ్ళు మైక్రోకంట్రోలర్‌లో ఒక అంకె రాసేసి ‘‘సార్, లో వోల్టేజి కటాఫ్ పెట్టేశాం’’ అంటారు. రిలే ఏ వోల్టేజి దగ్గర పడుతుంది, ఎంతకి లేస్తుంది, మీటరు పెట్టి చూశావా నాయనా అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

మా రోజుల్లో స్టెబిలైజర్ బోర్డు మీద ఎల్‌ఎం324 ఐసీ ఉండేది. అందులోని నాలుగు ఆప్‌ఆంప్‌లనూ కంపారేటర్లుగా వాడేవాళ్ళం. ఒక కాలికి జీనర్ డయోడ్ ఇచ్చే నికరమైన వోల్టేజి. రెండో కాలికి మెయిన్స్ వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి, డీసీ చేసి, ప్రీసెట్ మీదుగా ఇచ్చేవాళ్ళం. ఏది ఎక్కువో తేల్చడం కంపారేటర్ వంతు, ఆ ప్రకారం పడడం లేవడం రిలే వంతు.

సెట్టింగ్ మాత్రం చేతి పనే. డిమ్మర్‌స్టాట్‌తో వోల్టేజిని 190కి దించి, మీటరు మీద చూపు నిలిపి, సన్న స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ రిలే టక్కుమన్న చోట ఆపేవాళ్ళం. పెంచి, దించి, మళ్ళీ చూసేవాళ్ళం. కుదిరిందనుకున్నాక ప్రీసెట్ కదలకుండా గోళ్ళ రంగు చుక్క వేసేవాళ్ళం.

అలా తిప్పినవాడికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. పడే చోటూ లేచే చోటూ ఒకటే అయితే రిలే కుదురుగా ఉండదు. అందుకే అవుట్‌పుట్ నుంచి ప్లస్ కాలికి ఒక పెద్ద రెసిస్టర్ వేసేవాళ్ళం. 190 దగ్గర పడితే 200 దాటాకే లేవాలి. దీన్నే హిస్టరెసిస్ అంటారు.

ఈమధ్య ఒక కొత్త బోర్డు చూడమని తెచ్చారు. ప్రోగ్రాంలో పడడానికీ లేవడానికీ ఒకటే అంకె. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకోగానే వోల్టేజి కుంగుతుంది, రిలే పడుతుంది. లోడు పోగానే వోల్టేజి లేస్తుంది, రిలే మళ్ళీ పట్టుకుంటుంది. ఆ టకటకలకు రిలే కాంటాక్టులు మాడి నల్లబడ్డాయి. ఐసీలతో పని చేసిన రోజుల్లో ఇలాంటి బోర్డును బల్ల దాటనిచ్చేవాళ్ళం కాదు.

కొత్త చిప్‌ల మీద నాకు కోపం లేదు. ప్రీసెట్‌లో దుమ్ము చేరితే సెట్టింగ్ జారిపోయేది. ఆ బాధ ఇప్పుడు లేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎం4సీ123లో వోల్టేజిని అంకెగా మార్చే 12 బిట్ల ఏడీసీలు రెండు, ఒక్కోదానికి 8 డిజిటల్ కంపారేటర్లు ఉన్నాయి. కింది హద్దు, పై హద్దు అంకెలుగా రాసిపెడితే వచ్చిన ప్రతి శాంపిల్‌నూ హార్డ్‌వేరే పోల్చుకుంటుంది. హద్దు దాటితేనే ప్రాసెసర్‌ను పిలుస్తుంది. 230 వోల్టులకు 2 వోల్టులు వచ్చేలా దించి, 3.3 వోల్టుల రిఫరెన్స్‌తో కొలిస్తే 190కి సుమారు 2050, 200కి సుమారు 2158 వస్తాయి. ఆ రెండూ రాసి హిస్టరెసిస్ మోడ్ పెడితే చాలు. పడ్డప్పుడు చెప్పడానికి ఒక కంపారేటర్, లేచినప్పుడు చెప్పడానికి ఇంకొకటి. మేం రెసిస్టర్‌తో చేసినదంతా అందులో ఉంది.

ఉండి ఏం లాభం? దాన్ని ముట్టుకునేవాడేడీ? మెయిన్ లూప్‌లో ఏడీసీ చదవడం, ఒక ‘ఇఫ్’ రాయడం, మధ్యలో డిస్‌ప్లే కోసం డిలే పెట్టడం. ఆ డిలే నడుస్తుండగా వోల్టేజి ఎగిరితే చూసే దిక్కు లేదు. ఎస్‌టీఎం32 చిప్‌లు వాడేవాళ్ళకు అనలాగ్ వాచ్‌డాగ్ ఉంది, అదీ ముట్టుకోరు. ఎఫ్103 లాంటి చిప్‌లో అది హద్దులు మాత్రమే చూస్తుంది, హిస్టరెసిస్ మనమే రాసుకోవాలన్నదీ పట్టించుకోరు.

రిఫరెన్స్ సంగతీ అంతే. మేం ముందు జీనర్ మీద మీటరు పెట్టేవాళ్ళం. టీఎం4సీ123 మామూలుగా సప్లైనే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. రెగ్యులేటర్ నాసిదై 3.3 కాస్తా 3.2 అయితే 230 వోల్టులు 237గా కనిపిస్తాయి. ప్రోగ్రాం ఎన్నిసార్లు చదివినా ఈ తప్పు దొరకదు.

అందుకే పని నేర్పేవాళ్ళకు నా మాట ఇది. పిల్లలకు ముందు డిమ్మర్‌స్టాట్, మీటరు, ఎల్‌ఎం324 ఇవ్వండి. రిలే టకటకలాడడం చెవులారా విననివ్వండి, రెసిస్టర్ వేసి వాళ్ళ చేతే ఆపించండి. రిజిస్టర్‌లో అంకె రాయడం ఆ తర్వాత నేర్పండి. రాశాక కూడా డిమ్మర్‌స్టాట్‌తో దించి, పెంచి చూపిస్తేనే మార్కులు వేయండి.