పద్మినీ సంరక్షణ పద్యం: టీక, తాత్పర్యం, కించిత్తు వివాదం

మూలం

తెరచి డెల్కోను రోటరు దీసికొనుము
చేతి చక్రమునకు నొక్క చెరను గూర్చి
దీప మున్నట్టి చోటనే తెరువు ప్రక్క
నిలుపు పద్మిని నిస్త్రీల నెలవునందు

అవతారిక

వీధిలో నిలిపిన పాతకారు దొంగలపాలు కాకుండా ఏం చెయ్యాలో చెప్పే తేటగీతి ఇది. కవి విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి మాస్టారు. తెలుగు చెప్పి రిటైరైనవారు. పాత పెంకుటిల్లు అపార్ట్‌మెంటుకిచ్చాక ఫ్లాటుకొక్క కారుకే చోటన్నాడు బిల్డరు. ఆ ఒక్క చోటులో అబ్బాయి కొత్తకారు కొలువుదీరింది. 1978 మోడలు ప్రీమియర్ పద్మిని వీధిన పడింది. పడిన వారం లోపలే చక్రాల మూతలు రెండు మాయమయ్యాయి. శోకంలోంచి శ్లోకం పుట్టడం మనకు ఆదికవి నాటి ఆనవాయితీ కనుక మాస్టారికీ పద్యం పుట్టింది.

మెదక్ జిల్లా కొల్చారంవాడైన మల్లినాథసూరి భారవి కావ్యానికి రాసిన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు. ఘంటాపథమంటే రాచబాట. అంతటివాడు రాచబాటన నడిచే తీరు చూపాడు గానీ, అక్కడ బండి ఎలా నిలపాలో చెప్పలేదు. ఆ లోటు పూడ్చే భారం ఇన్నాళ్ళకు నా మీద పడింది.

ప్రతిపదార్థం

డెల్కోను = నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరును (డెల్కో అమెరికాలో ఒక కంపెనీ పేరు; చేసినవారెవరైనా మన మెకానిక్కుల నోట అది డెల్కోయే); తెరచి = దాని నల్లమూతకు అటూ ఇటూ ఉన్న క్లిప్పులు ఊడదీసి; రోటరు = లోపల గిరగిర తిరిగే, నెత్తిన ఇత్తడి రేకు గల, బొటనవేలంత ముక్కను; తీసికొనుము = పైకి లాగి వెంట పట్టుకుపొమ్ము; చేతి చక్రమునకున్ = స్టీరింగుకు; ఒక్క చెరను = తాళం గల ఇనపకడ్డీ అనెడి చెరసాలను; కూర్చి = అమర్చి; దీపము ఉన్నట్టి చోటనే = వీధిదీపం ఉన్న చోట మాత్రమే (ఉండి, వెలిగే చోట అని అధ్యాహారం); తెరువు ప్రక్కన్ = దారి పక్కన; ఇస్త్రీల నెలవునందున్ = ఇస్త్రీబండి నిలిచే అడ్డాలో (ఇస్త్రీ అనగా ఇక్కడ లక్షణచేత ఇస్త్రీ చేసేవారు); పద్మినిన్ = పద్మిని అను కారును; నిలుపు = ఆపుము.

తాత్పర్యం

ఓయీ పాతకారు గలవాడా! వెలుతురుండి, మనుషులు మసలే చోట, ఇస్త్రీబండి దగ్గర బండి ఆపు. స్టీరింగుకు కడ్డీ వెయ్యి. బానెట్టెత్తి రోటరు తీసి ఇంటికి పట్టుకుపో. తర్వాత నిద్రపో.

విశేషాలు

పద్యంలో ముందు రోటరు తియ్యమని, చివర బండి నిలపమని ఉంది. రోటరు తీసిన బండి నిలపవలసిన చోటిదాకా ఎలా వస్తుందని చోద్యం. దీనికి మీమాంసకులు ఏనాడో సమాధానం చెప్పారు. వేదంలో ముందు హోమం చెయ్యమని, ఆ తర్వాత గంజి వండమని వస్తుంది. అయినా గంజి వండాకే హోమం. పాఠక్రమం కంటే అర్థక్రమం బలీయం కదా. కవికి యతి కుదరాలి, బండి నడవాలి. రెండూ ఒకే క్రమంలో జరగవు.

నాలుగో పాదం దగ్గర వ్యాఖ్యాతలు చాలామంది బోర్లాపడ్డారు. ద్రుతం సంగతి మరచి 'నిస్త్రీల నెలవు' అని విడదీసి, స్త్రీలు లేని చోటు అని అర్థం చెప్పిన మహానుభావులున్నారు. పద్మిని అనగానే చిత్రిణి, శంఖిని, హస్తిని గుర్తొచ్చి, ఇది నాయికను పరపురుషుల కంట పడకుండా దాచే పద్యమని ఇంకొకరు తేల్చారు. ఈ నాయిక ముంబయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి సంతానం. 1964లో ఫియట్ 1100డిగా వచ్చి, తర్వాతి దశకంలో పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన చేతిగేరు. పేరెంత మారినా మన ఊళ్ళో అది ఫియట్టే. ముంబయి వీధుల్లో నలుపు పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు చివరతో సెలవు తీసుకున్నాయి. రోజూ కంటపడే కాలం పోయింది. అరుదైంది కాబట్టే ఇవాళ దాని టెయిల్‌లైటు అద్దానికి కూడా ఆశపడేవాళ్ళున్నారు.

ఇక రోటరు. కవి ప్రతిభంతా ఈ మాటలో ఉంది. కొత్తకార్లలో తాళంచెవిని గుర్తుపట్టి గానీ ఇంజను లేవనివ్వని ఏర్పాటుంది. పాతకారుకు ఆ విచక్షణ లేదు. తాళం లేకున్నా తీగలు కలిపినవాడల్లా దానికి యజమానే. అయితే రోటరు లేనిదే డెల్కోలోంచి ప్లగ్గులకు కరెంటు అందదు. సెల్ఫ్ కొడితే ఇంజను గుర్రుగుర్రున తిరుగుతుంది, అంటుకోదు. పెట్రోలు లేదేమో, కార్బురేటరులో చెత్త పడిందేమో అని దొంగ వెతుక్కుంటాడు. అర్ధరాత్రి వీధిలో బానెట్టెత్తి డెల్కో విప్పిచూసే ఓపిక ఏ దొంగకూ ఉండదు. అంత ఓపికున్నవాడు ఆటోనగర్‌లో మెకానిక్కుగా స్థిరపడి ఉండేవాడు.

తీసిన రోటరు ఎక్కడ పెట్టాలో కవి చెప్పలేదు. కారు డాష్‌బోర్డు అరలో పెట్టరాదని వేరే చెప్పాలా? మాస్టారు లాల్చీ జేబులో వేసుకుంటారు. ఆ లాల్చీ ఓసారి రోటరుతో సహా ఇస్త్రీకి వెళ్ళింది. ఇస్త్రీబండి ఆయన బొగ్గులపెట్టె పక్కన పెట్టి, జేబు తడిమి, రోటరు తీసి, బట్టల మూటతో పాటు మాస్టారి చేతిలో పెట్టాడు. "మీ బండి ప్రాణం ఇంకాస్తయితే కాలిపోయేదండీ" అన్నాడు. ఇస్త్రీల నెలవు అనడంలో కవికి ఈ అభిప్రాయం కూడా ఉండవచ్చు. బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి పెట్టించుకోవడం పాఠాంతరం. అదీ గ్రాహ్యమే, స్విచ్చి కంటికి కనబడని చోట ఉంటే.

చెర అన్నది రూపకం. రోటరు ఒక్కటే చాలదని కవికి తెలుసు. ఇంజను లేవని బండిని తోసుకుపోవచ్చు, తాడు కట్టి లాక్కుపోవచ్చు. కడ్డీ పడితే చక్రం తిరగదు, తోసిన బండి మలుపు దగ్గరే ఆగిపోతుంది. అయితే రికవరీ వ్యాను తెచ్చినవాడిని ఏం చెయ్యాలి? పట్టపగలు పసుపు లైటు తిప్పుకుంటూ వచ్చి, ముందు చక్రాలు ఎత్తి, బండి పట్టుకుపోతుంటే మన వీధుల్లో ఎవరూ అడ్డుపడరు. పాపం బ్రేక్‌డౌన్ అయిందేమో అని దారి కూడా ఇస్తారు. పద్మినికి ఇంజను శక్తి వెనక చక్రాలకు పోతుంది కనుక గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి వదిలితే ఆ ఎత్తుకుపోవడం కొంత కష్టం. దాన్ని కూడా సాగనివ్వనిది ఇస్త్రీబండి ఆయన ప్రశ్న ఒక్కటే. ఆ సంగతికే వస్తున్నాను.

కవరు మాట పద్యంలో లేదు. కవి మరచిపోలేదు, కావాలనే వదిలేశారని నా మతం. కవరు కప్పిన బండి ఎన్నాళ్ళుగా కదలలేదో దాని మీది దుమ్ము చెబుతుంది. కవరు కిందికి దూరిన దొంగ తీరిగ్గా పని చేసుకోవచ్చు, వీధికి బండీ కనబడదు, వాడూ కనబడడు. జీపీఎస్ పరికరం మంచిదే. నెలల తరబడి కదలని బండిలో అది బ్యాటరీ తాగుతూ కూర్చుంటుందని మాత్రం మరవకూడదు. ముందు తలుపులకున్న చిన్న త్రికోణపు అద్దాల గురించీ కవి మౌనమే. పాతకారుకు పెరటి గుమ్మం లాంటిది అదే. గొళ్ళెం అరిగితే బయటినుంచి నొక్కినా తెరుచుకుంటుంది. దానికి కొత్త గొళ్ళెం, కొత్త రబ్బరు వేయించడం ఖరీదైన అలారం కంటే ముందు చెయ్యవలసిన పని.

దొంగతనాన్ని కళగా చూసిన సాహిత్యం మనది. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తూ, కొలతతాడు మరచివచ్చి జంధ్యంతో కొలుస్తాడు. అదే నాటకం ఆరో అంకంలో వీధి పార్కింగు తెచ్చే అనర్థం కూడా ఉంది. పరుపు మరచిపోయి చారుదత్తుడి బండివాడు వెనక్కి పోతాడు. రద్దీలో చిక్కుకున్న శకారుడి బండి చారుదత్తుడి వాకిట్లో ఆగుతుంది. వసంతసేన పొరపాటున అందులో ఎక్కుతుంది. చెరసాల నుంచి తప్పించుకొచ్చిన ఆర్యకుడు ఆనక చారుదత్తుడి బండెక్కి పారిపోతాడు. వీధిలో నిలిపిన బండిలోకి ఎవరు ఎక్కుతారో ఆనాడే నమ్మకం లేదన్నమాట.

ఇక ఇస్త్రీల నెలవుపై ఆక్షేపం: ఇస్త్రీబండి రాత్రి తొమ్మిదింటికి కట్టేస్తారు, దొంగ మూడింటికొస్తాడు, మరి ఆ నెలవు వల్ల ఏం లాభం? సమాధానం: దొంగ మూడింటికి వచ్చేది ఆఖరిసారి. అంతకుముందు పగలే వచ్చి చూసిపోతాడు. మొన్నొక కుర్రాడు పద్మిని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, త్రికోణపు అద్దం మీద వేలు పెట్టాడు. ఇస్త్రీబండి ఆయన తలెత్తకుండానే, "ఎవరు కావాల బాబూ?" అన్నాడు.

"ఎవరూ కాదండీ. పాతకారు కదా, ఫొటో తీసుకుందామని."

"తీసుకో. ఉండు, మాస్టారిని పిలుస్తా. పక్కన నిలబడతారు."

కుర్రాడికి ఫొటో మీద సరదా పోయింది. నిజంగా ఫొటో కోసమే వచ్చాడేమో, నాకు తెలియదు. తాళాలూ కడ్డీలూ దొంగను ఆలస్యం చేస్తాయి. రాకముందే వెనక్కి పంపేది ఈ ప్రశ్నే. ఈ పద్యానికి గుండెకాయ రోటరని కొందరంటారు. నా దృష్టిలో అది నాలుగో పాదం చివరి సగం.

కవిని ఒక్కచోట తప్పుపట్టక తప్పదు. 'నిలుపు' అన్నారే గానీ 'నడుపు' అనలేదు. టైర్ల కింద ఆకులు పేరుకుని, వైపర్ల మీద పిట్టలు రెట్టలు వేసిన బండి దిక్కులేనిదని చూడగానే తెలుస్తుంది. దొంగ కంటే ముందు పాత ఇనప సామాన్లవాడు బేరానికొస్తాడు. ఆదివారం ఆదివారం గాంధీనగర్ దాకా నడిపితే చాలు, బండికి నాథుడున్నట్టు వీధికి తెలుస్తుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషనుకు యాభయ్యేళ్ళు నిండిన బండిని వింటేజిగా నమోదు చేసుకోవచ్చు. 'వీఏ' అక్షరాల నంబరు వస్తుంది. రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు. కాకపోతే ఆ గౌరవం పొందాక ర్యాలీకీ ప్రదర్శనకీ పెట్రోలుకీ మరమ్మతుకీ తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. కూరగాయలకు వెళ్ళాలనుకునేవారు ఈ సన్మానం విషయంలో తొందరపడవద్దు.

ఫలశ్రుతి

ఇంత చేసినా బండి పోవచ్చు. పోతే ముందు పోలీసు స్టేషను, ఎఫ్ఐఆర్. పూర్వపు ఐపీసీ 379 బదులు 2024 జులై నుంచి దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303 వచ్చింది. తర్వాత బీమా. పాతకార్లవాళ్ళలో చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. దొంగతనానికి దాని కింద పైసా రాదు. ఐదేళ్ళు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకుని పాలసీలో రాసుకోవాలి. పోయాక బేరమాడితే వినేవారుండరు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, నాలుగు వైపుల ఫొటోలు దగ్గరుంచుకోండి. క్లెయిముకు వెళ్తే తాళంచెవులు రెండూ అడుగుతారు. మీ రెండో తాళంచెవి ఎక్కడుందో ఈ రాత్రే వెతకండి.