సత్రాల తరఫున ఒక అభ్యంతరం

ఈ దేశం ధర్మశాల కాదని సుప్రీంకోర్టు తేల్చేసింది. 2025 మే 19న ఒక శ్రీలంక తమిళుడి పిటిషన్ కొట్టేస్తూ జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం ఆ మాట అంది. 140 కోట్ల మందితోనే సతమతమవుతున్నామని కూడా చెప్పింది. ధర్మశాల కాదన్న మాట అక్షరాలా నిజం. ఆ హోదా రావాలంటే దేశం ఇంకా చాలా కష్టపడాలి. అనవసరంగా పోలికలోకి లాగి పరువు తీసింది సత్రాలది గనక వాటి తరఫున మాట్లాడక తప్పడం లేదు. సత్రమన్నాక మూడు రోజులు ఉండనిస్తారు, నాలుగో రోజు మూట సర్దుకోమంటారు. దాపరికం లేని వ్యవహారం. కులం అడిగే సత్రాలు మనకు బోలెడున్నాయి గానీ, తమ గదిలోనే పుట్టిన పసిబిడ్డను నీ దేశమేదని అడిగిన సత్రం మేనేజరు మాత్రం ఎక్కడా కనబడడు.

తమిళనాడులోని మా ధర్మపురి జిల్లాలో తుంబలహళ్ళి, నాగావతి ఆనకట్టల దగ్గరి శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరాలు చూడండి. 1983 తర్వాత పడవలెక్కి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఇప్పుడు మనవలు. మూడు రోజుల బస కాస్తా మూడు తరాలైంది. తనిఖీ రోజున అందరూ వచ్చి తల చూపించుకోవాలి, లేకపోతే నెలవారీ సాయానికి ఎసరు. ఏ సత్రమూ బస చేసినవాళ్ళకు హాజరు వేయదు. 2021లో స్టాలిన్ ప్రభుత్వం వీటికి పునరావాస శిబిరాలని పేరు మార్చి, 317 కోట్ల ప్యాకేజీ ప్రకటించి, మార్కుల వరసలో 50 మందికి ఇంజినీరింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు భరిస్తానంది. మంచి పనే, వెక్కిరించను. కాకపోతే పట్టా చేతికొచ్చాక సర్కారు ఉద్యోగానికి శిబిరం పిల్ల పనికిరాదు. చదివించేదాకా అతిథి, చదివాక విదేశీయురాలు! ఇక డాక్టరు కావాలనుకుందో, మరీ చిక్కు. ప్రభుత్వ బడి పిల్లలకు మెడికల్ సీట్లలో ఏడున్నర శాతం కోటా ఉంది, ఆమె చదివిందీ ప్రభుత్వ బడిలోనే. దరఖాస్తులో జాతీయత అనే గడి వస్తుంది, కథ అక్కడితో సరి. 2008 నుంచి జిల్లాలోనే ఉన్న మెడికల్ కాలేజీకి ఆమె రోగిగా వెళ్ళవచ్చు, అభ్యంతరం లేదు.

కోర్టుకెక్కినవాడు ఉపా కింద శిక్షపడ్డవాడు కదా, ఆ కేసుకూ ఈ పిల్లలకూ ఏం సంబంధం అంటారా? సబబైన ప్రశ్నే. అతన్ని పంపించెయ్యమనడానికి కారణాలుంటే ఉండవచ్చు. కానీ ధర్మాసనం మాట్లాడింది అతని నేరం గురించి మాత్రమే కాదు, ప్రపంచం నలుమూలల శరణార్థుల గురించి. పోనీ జనాభా లెక్కే తీద్దాం. తమిళనాడు శిబిరాల్లో ఉన్నది 2021 లెక్కన 58 వేల పైచిలుకు. 140 కోట్లలో లక్షకు నలుగురు. ఈ నలుగురి బరువుకే కుంగిపోయే సత్రం, పక్క గదుల్లో ఉన్న పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ వాళ్ళకు మాత్రం, చట్టం పేర్కొన్న ఆరు ముస్లిమేతర మతాలవాళ్ళయి 2014 ముగిసేలోపు వచ్చుంటే చాలు, 2019లో చట్టం చేసి మరీ తాళంచెవులు ఇచ్చింది. శ్రీలంక గది నంబరు ఆ జాబితాలో లేదు.

అమెరికాలో హెచ్-4 మీద పెరిగిన మన తెలుగు పిల్లలు 21 నిండగానే ఆ వీసా పోగొట్టుకుని, చాలాచోట్ల విదేశీ విద్యార్థుల ఫీజు కట్టాల్సి వస్తోందని మనం గుండెలు బాదుకుంటాం. బాదుకోవలసిందే, అది అన్యాయమే. అయితే ఆ పిల్లలు పుట్టింది ఇండియాలో. నాగావతి పక్కన పెరిగిన పిల్ల పుట్టింది కూడా ఇక్కడే! ఆమెకు తిరిగి వెళ్ళడానికి ఊరు లేదు, చూడని దేశం తప్ప. పౌరసత్వం అడిగితే, 1987 జులై 1 తర్వాత పుట్టావు గనక అమ్మానాన్నల్లో ఒకరైనా పౌరులని చూపించమంటారు, 2004 డిసెంబర్ 3 తర్వాత పుడితే షరతు ఇంకా బిగుస్తుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లను తాత ఎక్కిన పడవకు జవాబు చెప్పమనడం సిగ్గుమాలిన పని. చట్టం అలా ఉంది, మేమేం చెయ్యగలం అని ఢిల్లీ పెద్దలు చేతులెత్తేస్తే నమ్మకండి. 2019లో మూడు దేశాల పేర్లు రాయడానికి రెండు సభలకు కలిపి మూడు రోజులు పట్టింది. నాలుగో పేరు రాయడానికి అడ్డమొచ్చింది ఎవరు?