కిస్తీల టీవీ

యాభై ఏళ్లు దాటాయి. సినిమాలు చూడటం, వాటి గురించి రాయడం తప్ప నాకు మరో వ్యాపకం లేదు. ఆ ప్రేమ పేరుతో నేను చేసిన ఒక పెద్ద తప్పు ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

1988లో నాకు పదిహేనేళ్లు. మాది పోచంపల్లిలో నేత ఇల్లు. దూరదర్శన్‌లో రామాయణం ఆ జూలై 31న ముగిసింది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు ఆదివారం వచ్చిందంటే మా వాడలో టీవీ ఉన్న ఒక్క ఇంటి గడప దగ్గర నిలబడి, ముందున్న వాళ్ల తలల సందుల్లోంచి చూశాను. జనం ఎక్కువైతే ఆ ఇంటివాళ్లు తలుపు వేసేవాళ్లు. మూసిన తలుపు అవతల డైలాగులు వినబడేవి, బొమ్మ కనబడేది కాదు. ఆ అవమానం నాకు బాగా నాటుకుపోయింది. అక్టోబర్ 2 నుంచి మహాభారతం మొదలవుతుందని తెలియగానే ఇంట్లో టీవీ కొనాల్సిందేనని పట్టుబట్టాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నాయిన గుంట మగ్గంలోంచి తల ఎత్తకుండానే, "చీరకు కూలి ఎంతొస్తదో నీకు ఎరుకేనా?" అన్నాడు. అమ్మ అడ్డం వచ్చింది. "పిల్లగాడు ఎన్నడన్న ఏమన్న అడిగిండా? నేను వేరేటోళ్ల ఆసు గూడ పోస్త. కిస్తీలు నేను కడ్త" అంది.

ఆసు అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. పోచంపల్లి చీర మీద కనబడే పువ్వులూ ఏనుగులూ నేసిన తర్వాత అద్దినవి కావు. నేయక ముందే నూలుకు చిటికి కట్టి, రంగుల్లో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ కట్టు కట్టాలంటే ముందు పోగు మొత్తం వరసగా పరచుకోవాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరస మేకులు. పోగు పట్టుకున్న చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరగాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. నాలుగైదు గంటల పని. ఇళ్లలో ఇది ఆడవాళ్ల పని. సొంత మగ్గానికి పోసే ఆసుకు విడిగా కూలి లెక్క ఉంటుందని కూడా ఎవరూ అనుకునేవాళ్లు కాదు.

టీవీ వచ్చింది. బ్లాక్ అండ్ వైట్ పెట్టె. ముందు అర్రలో పెట్టించాను. అమ్మ ఆసు కూడా ఆ అర్రలోనే ఉండేది, వీధి తలుపులోంచి వచ్చే వెలుతురు కోసం. మొదటి ఆదివారమే ఆమె చెయ్యి తెరకు అడ్డం వచ్చింది. "అమ్మా, జర అరుగు మీదికి పోరాదే" అన్నాను. మారు మాట్లాడకుండా ఆసు ఎత్తుకుని బయటికి పోయింది. వెలుతురు పడి బొమ్మ తెల్లబోతున్నదని నేను లేచి తలుపు వేశాను.

ఆ టీవీ ఇంటివాళ్లు నా ముందు వేసిన తలుపునే నేను మా అమ్మ ముందు వేశాను. ఈ మాట నాకు తోచడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

తర్వాత చదువుకు హైదరాబాద్ వచ్చాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక్కో రోజు రెండు ఆటలు చూసేవాణ్ణి. చిరంజీవి సినిమా మొదలు సత్యజిత్ రాయ్ సినిమా దాకా దేన్నీ వదల్లేదు. పత్రికలకు రాయడం మొదలుపెట్టాను. ఇటలీ దర్శకుడు డిసీకా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్' మీద నేను రాసిన వ్యాసం నాకు కాస్త పేరు తెచ్చింది. అందులో భర్త సైకిల్ కుదువలోంచి విడిపించడానికి భార్య ఇంట్లో పక్కల మీది దుప్పట్లు తీసి తాకట్టు పెడుతుంది. ఆ ఒక్క ఘట్టం మీద రెండు పేజీలు రాశాను. ఎక్కడో రోమ్ నగరంలో ఒక ఇల్లాలు ఇచ్చిన దుప్పట్ల కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా ఇంట్లో టీవీ కోసం మా అమ్మ ఏమి ఇచ్చిందో ఒక్కసారీ అడగలేదు.

ఇంతకంటే పెద్ద మూర్ఖత్వం ఇంకొకటి. మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1987లో పోచంపల్లి నేతగాళ్ల మీద 'సుస్మన్' అనే హిందీ సినిమా తీశారు. ఓంపురి నేతగాడు, షబానా ఆజ్మీ అతని భార్య. మా ఊరి బతుకు మీద అంతటి దర్శకుడు సినిమా తీస్తే, ఊళ్లో సినిమా పిచ్చోడినని పేరున్న నేను అది చూడలేదు. మా మేనమామ చెప్తే, "మగ్గం మన ఇంట్ల లేదా మామా, దాన్ని సినిమాల ఏం చూస్తం?" అన్నాను. బెనెగల్ 'అంకుర్', 'నిశాంత్', 'మండి' గురించి వ్యాసాలు రాశాను. 'సుస్మన్'ను పేరు చెప్పి దాటేశాను. సినిమా అంటే మన ఇంట్లో లేనిది చూపించేదని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే పాతికేళ్లు విమర్శ రాశాను.

2019 జూన్‌లో రాజ్ రాచకొండ తీసిన 'మల్లేశం' వచ్చింది. సమీక్ష రాయడానికి వెళ్లాను. ఆ సినిమాకు మూలమైన చింతకింది మల్లేశం మాకు దూరం మనిషి కాడు. ఆలేరు దగ్గర శారాజీపేట, మా పాత నల్లగొండ జిల్లానే. వాళ్ల అమ్మ లక్ష్మి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, 1992లో యంత్రం చెయ్యడానికి పూనుకున్నాడు. అప్పులు, ఎగతాళి భరించి 1999 నాటికి సాధించాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ నాకు వార్తలుగా తెలుసు. తెర మీద ఆ తల్లి భుజం పట్టుకుని మూలిగినప్పుడు మాత్రం హాల్లో కూర్చోలేకపోయాను. అదే పని, అదే నొప్పి. ఒక కొడుకు అమ్మ భుజం చూసి యంత్రం చేశాడు. ఇంకో కొడుకు ఆ భుజం తెరకు అడ్డమని బయటికి పంపాడు.

ఆ సమీక్ష రాయలేదు. 'సుస్మన్' వెతికి చూశాను. అందులో ఇల్లాలు నేతకిచ్చిన పట్టులోంచి కొంత కూతురి పెళ్లిచీర కోసం దాస్తుంది. మా ఇళ్లలో అమ్మల మనసు ఎట్లా ఉంటుందో బెనెగల్‌కు తెలిసింది, నాకు తెలియలేదు. సినిమాను నేను నిందించను. చూడటం నాకు నేర్పింది సినిమాయే. నేర్చుకున్న చూపును ఇంట్లోకి తెచ్చుకోకపోవడం నా తప్పు. రెండు పూటలా థియేటర్లో కళ్లు విప్పుకుని కూర్చున్నవాణ్ణి, గడప దాటగానే మూసుకున్నాను.

ఆ వారమే పోచంపల్లి పోయి అమ్మను అడిగాను. ఇప్పుడామె కుడిచెయ్యి తల దాకా లేవదు. కొప్పు కోడలు వేస్తుంది.

"ఆ టీవీకి ఎన్ని చీరల ఆసు పోసినవమ్మా?"

"ఎవరు లెక్కపెట్టిన్రు కొడుకా. వారానికి రెండు చీరలు ఎక్కువ పోసిన. ఏడాదిన్నర పట్టింది కిస్తీలు తెగేటాళ్లకు."

కోపం లేదు, ఫిర్యాదు లేదు. టీవీ మంచిగనే నడిచిందని కూడా అంది. నేను అరుగు మీద కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. 78 వారాలు. 156 చీరలు. చీరకు 9 వేల చొప్పున ఆమె చెయ్యి 14 లక్షల సార్లకు పైగా తిరిగింది. కిస్తీలు తీరిన వెంటనే అక్క పెళ్లి అప్పు వచ్చింది. ఆసు అరుగు మీదే ఉండిపోయింది.

మహాభారతం 1990 జూన్ 24న ముగిసింది. 94 భాగాలు. నేను అన్నీ చూశాను. మా అమ్మ ఒక్కటీ చూడలేదు.