పేదరికానికి మూడు జిరాక్సులు

సొంత రెక్కల మీద బతికేవాడంటే మన ప్రభుత్వాలకు ఎంత గౌరవమో దరఖాస్తు ఫారం చూస్తే తెలుస్తుంది. ఉద్యోగస్తుణ్ణి ఒక్క జీతం స్లిప్పుతో వదిలేస్తారు. అదే ఆటో నడిపేవాడో, ఇస్త్రీ చేసేవాడో వచ్చి "ఏటా ఇస్తామన్న ఆ డబ్బులు..." అని గొణిగితే చాలు, సివిల్స్ రాయించినంత పని చేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో దీని పేరే సిక్స్ స్టెప్ వాలిడేషన్. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాడు ఉండకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కారు ఉండకూడదు, టాక్సీ అయితే క్షమిస్తారు. పట్నంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు ఉండకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. ఇవన్నీ అడిగినవాడికి మాత్రమే కాదు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అతని పక్కన పేరున్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయి. బెంగళూరులో పన్ను కట్టే కొడుకు పేరు ఆ మ్యాపింగ్‌లో మిగిలిపోయిందా, ఇక తండ్రి శ్రీమంతుడే. ఆ కొడుకు ఇంటికి పైసా పంపుతున్నాడా, కనీసం ఫోనైనా చేస్తున్నాడా అన్నది సిస్టమ్‌కి అనవసరం. ఎవరిదో కరెంటు మీటరు వచ్చి మన ఆధార్‌కి అతుక్కుందనుకోండి, అది మనది కాదని నిరూపించుకోవలసిందీ మనమే. అతికించిన మహానుభావుడు ఎవరో ఎప్పటికీ తెలియదు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. లోనుకని బ్యాంకుకు వెళితే మేనేజరు గారు "ఐటీ రిటర్నులు ఏవీ?" అంటారు. సరేనని ఆడిటరుకి డబ్బులిచ్చి రిటర్ను వేయించుకుంటే, పన్ను కట్టేవాళ్ళ జాబితాలో పేరెక్కి పథకం పోయిందని మొత్తుకునేవాళ్ళున్నారు. బ్యాంకులో ఉన్నవాడిలా, పథకాల దరఖాస్తు పుచ్చుకునే వార్డు సచివాలయంలో లేనివాడిలా కనబడాలి. రెండూ ఒకే వీధిలో ఉంటే బట్టలు మార్చుకునే వ్యవధి కూడా దొరకదు.

తోపుడు బండ్లవాళ్ళ భాగ్యం ఇంకా గొప్పది. 2020లో కేంద్రం పీఎం స్వనిధి పెట్టింది. కరోనాతో చితికిపోయినవాళ్ళకు సాయం అన్నారు గానీ, ఇచ్చింది 10,000 రూపాయల అప్పు. దానికి మున్సిపాలిటీ ఇచ్చిన గుర్తింపు ఉండాలి, లేదా సిఫారసు లేఖ కావాలి. అంటే రోడ్డు మీద బండి పెట్టావని పొద్దున వచ్చి తక్కెడ పట్టుకుపోయే ఆఫీసే, అవును, ఇతను రోడ్డు మీద బండి పెడతాడు, మేమెరుగుదుం అని రాసివ్వాలి. అదృష్టవశాత్తూ ఆ పట్టుకుపోయే ఉద్యోగికీ, ఈ రాసిచ్చే ఉద్యోగికీ ఒకరితో ఒకరికి పరిచయం ఉండదు.

ఇక ఆటోల సంగతికి వద్దాం, అసలు కథ అక్కడుంది. 2019 అక్టోబర్ 4న ఏలూరులో జగన్ గారు వాహనమిత్ర మొదలుపెట్టారు, ఏటా 10,000. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చింది, ఆటోల బేరం పడిపోతోందని గోల లేచింది. దాంతో సరిగ్గా అదే అక్టోబర్ 4న, విజయవాడలో చంద్రబాబు గారు 'ఆటో డ్రైవర్ల సేవలో' మొదలుపెట్టారు, 15,000. రంగు మారింది, పేరు మారింది, రేటు పెరిగింది. తేదీ మారలేదు. ఇంకొకటీ మారలేదు. అదేమిటో సచివాలయం కిటికీ దగ్గర నిలబడితే వినిపిస్తుంది.

"లైసెన్సు ఉందా బాబాయ్?"

"ఉందమ్మా. ఇరవై ఏళ్ళ నాటిది."

"రేషన్ కార్డు?"

"ఇదిగో. మూడు జిరాక్సులు."

"ఆర్సీ ఎవరి పేరున ఉంది?"

"మా ఓనరు గారి పేరున. రోజు కిరాయికి తోలుతున్నానమ్మా."

"అయితే రాదు బాబాయ్. బండి మీదో, మీ ఇంట్లోవాళ్ళదో అయ్యుండాలి."

ఆ అమ్మాయిని అనడానికేమీ లేదు, ఆమె ముందున్న స్క్రీన్‌లో అద్దె డ్రైవరుకి గడి లేదు. చూశారా ఎంత నిక్కచ్చి లెక్కో! బేరం దొరికినా దొరక్కపోయినా సాయంత్రానికి ఓనరు చేతిలో కిరాయి పెట్టాల్సినవాడికి ఉచిత బస్సు వల్ల నష్టం లేదట, ఎందుకంటే అతనికి ఆర్సీ లేదు. బస్సు ఎక్కిపోయిన ప్రయాణికులు మాత్రం ఆర్సీ చూసి దిగలేదు మరి.

2.90 లక్షల మందికి 436 కోట్లు వేశారు. మంచిదే, కాదనేవాడు పాపాత్ముడు. కానీ ఆ లెక్క చెప్పే ప్రతి సభలోనూ అర్హులందరికీ ఇచ్చాం అని ఒక మాట అంటారు. అర్హులెవరో వాళ్ళే నిర్ణయించి, వాళ్ళందరికీ ఇచ్చాక, అందరికీ ఇచ్చామనడంలో అబద్ధమేమీ లేదు. నేను రాసుకున్న ప్రశ్నపత్రానికి నేనే జవాబు రాస్తే నాకూ నూటికి నూరే వస్తాయి.

తెలంగాణలో ఇంత శ్రమ కూడా పెట్టలేదు. 2023 డిసెంబర్ 9న ఉచిత బస్సు వచ్చేసింది. ఆటో డ్రైవర్లకు ఏటా 12,000 అన్నది గెలిచిన పార్టీ మానిఫెస్టోలో భద్రంగా ఉంది. 2025లోనూ వాళ్ళు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. దరఖాస్తే పుచ్చుకోకపోతే తిరస్కరించే బాధే లేదు కదా!

దొంగ లబ్ధిదారులు రాకూడదని ఇంత కట్టుదిట్టం అంటారు. రానివ్వకండి, వద్దన్నదెవరు? కిరాయి బండివాడు ఎవడో ఆటో స్టాండులో ప్రతివాడికీ తెలుసు, యూనియన్ వాళ్ళకు తెలుసు, చలానా రాసే కానిస్టేబుల్‌కి మరీ బాగా తెలుసు. లైసెన్సుల జాబితా రవాణా శాఖ దగ్గరే ఉంది. కావలసిందల్లా ఆ స్క్రీన్‌లో ఇంకొక గడి.

అయ్యా మంత్రిగారూ, వచ్చే అక్టోబర్ 4 లోపల ఆ గడి పెట్టించండి. ఓనరు పేరుకి పక్కనే, తోలేవాడి పేరుకి.