రూట్ క్రెడ్ గోడు

నన్ను క్రెడ్ అంటారు. లినక్స్ కెర్నల్‌లో ప్రతి ప్రాసెస్ వెనుకా నాలాంటిది ఒకటి ఉంటుంది. ప్రాసెస్ ఏ ఫైలు తెరవబోయినా కెర్నల్ దాని మొహం చూడదు, నన్ను చూస్తుంది. నాలో ఉన్న యూజర్ అంకె, గ్రూపుల అంకెలు, అధికారాల చిట్టా చూసి సరే అనో కుదరదనో తేలుస్తుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్ దాచుకున్నది ఇంకో యాప్ చదవలేకపోతోందంటే అందులో మావాళ్ళ చాకిరీ ఉంది. అక్కడ యాప్‌ల అంకెలు 10000 నుంచి మొదలవుతాయి.

నా అంకె సున్నా. అంటే రూట్, అన్ని అధికారాలూ ఉన్న యూజర్. చెప్పేటప్పుడు కాస్త గర్వం తొంగిచూస్తుంది, ఏమనుకోకండి.

పూర్వం ఈ అంకెలన్నీ ప్రాసెస్ వివరాల మధ్య విడివిడిగా పడి ఉండేవి. 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్‌లో డేవిడ్ హోవెల్స్ వాటిని ఏరి మమ్మల్ని వేరుగా నిలబెట్టాడు. ఒక కట్టుబాటూ పెట్టాడు: వాడుకలోకి వచ్చిన క్రెడ్‌లో అంకెలు దిద్దకూడదు. మార్పు కావాలంటే ప్రతి తీసి, దాన్ని దిద్ది, పాతదాని స్థానంలో ఒక్కసారిగా పెట్టాలి. సగం పాత, సగం కొత్త అధికారం ఎవరి కంటా పడకూడదు కదా. మంచి కట్టుబాటే, కాదనను. కాకపోతే మాకు మరమ్మతు అన్నది లేకుండా పోయింది.

నేను ఒక వెబ్ సర్వర్ కోసం పుట్టాను. 80వ నంబరు పోర్టు మామూలు యూజర్‌కు ఇవ్వరు, అందుకని నా అవసరం పడింది. పోర్టు ఇప్పించాను, లాగ్ ఫైలు తెరిపించాను. ఆ వెంటనే సర్వర్ గ్రూపులు మార్చే సెట్‌గ్రూప్స్ అంది, సెట్‌జీఐడీ అంది, చివర్న యూజర్‌ను మార్చే సెట్‌యూఐడీ అంది. అన్నప్పుడల్లా ఒక కొత్త ప్రతి. ఈ వరుస తిరగబడితే, గ్రూపులను వదిలించుకునే అధికారం యూజర్ మారగానే పోతుంది, రూట్ గ్రూపులు అంటుకునే ఉంటాయి. మా సర్వర్‌కు ఆ మాత్రం తెలుసు.

నన్ను వదిలేసినందుకు కోపం లేదు. పనయ్యాక రూట్‌ను వదలడమే పద్ధతి. నా కోపమల్లా వదిలేశామనుకుని వదలనివాళ్ళ మీద. ఒకప్పటి కెర్నళ్ళలో, మారబోయే యూజర్‌కు ప్రాసెస్‌ల పరిమితి నిండి ఉంటే సెట్‌యూఐడీ కుదరదని జవాబిచ్చేది. ఆ జవాబు చూసిందెవరు? 2010లో కొన్ని ఫోన్లలో దాడిచేసినవాళ్ళు పరిమితి నిండేదాకా ప్రాసెస్‌లు పుట్టించి, ఒక సర్వీసును పడగొట్టారు. అది రూట్‌గా మళ్ళీ లేచింది, సెట్‌యూఐడీ అడిగింది, జవాబు చూడకుండానే పనిలో పడింది. సున్నా అంకె అలాగే ఉండిపోయింది. దాడిచేసినవాళ్ళకు కావలసిందీ అదే. 2011లో 3.1 కెర్నల్ ఆ తనిఖీని ప్రాసెస్ కొత్త ప్రోగ్రాంను నడపబోయే వేళకు వాయిదా వేసింది. జవాబు చదవని బద్ధకం కోసం కెర్నలే నియమం మార్చుకుంది!

ఇక నా సంగతి. ప్రాసెస్ విడిచినా నేను పోలేదు. ఫైలు ఎవరి అధికారంతో తెరుచుకుందో కెర్నల్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ లాగ్ ఫైలు దగ్గర ఇంకా నేనే ఉన్నాను, అమ్మేసిన పొలానికి పాసుపుస్తకంలో పాత పేరు మిగిలినట్టు. సర్వర్ రోజంతా ఆ ఫైల్లో రాస్తూనే ఉంటుంది, నా ఊసెత్తదు. నన్ను పట్టుకున్నవాళ్ళెందరో ఒక లెక్క నాలో ఉంటుంది. అది సున్నా అయ్యాక, నన్ను చదువుతున్నవాళ్ళు ముగించేదాకా ఆగి, నా చోటును ఖాళీ చేస్తారు. అందులోకి ఇంకో ప్రాసెస్ క్రెడ్ వస్తుంది.

ఆ లెక్క తప్పిందో, వాడుకలో ఉండగానే చోటు చేతులు మారుతుంది. 2022లో డర్టీక్రెడ్ పేరుతో పరిశోధకులు చూపించిన దారి ఇలాంటిదే. మామూలు క్రెడ్‌ను అకాలంగా ఖాళీ చేయించి, అదే చోటులోకి రూట్ క్రెడ్ వచ్చేలా చూడటం. అప్పుడు పాత ప్రాసెస్ ఏమీ అడగకుండానే రూట్ అయిపోతుంది.

ఫైలు మూసేలోగా ఒక్క మనవి. సర్వీసులు రాసే బాబులూ, అమ్మలూ, సెట్‌యూఐడీ ఇచ్చిన జవాబు చదవండి. కుదిరిందని చెప్పే సున్నా రాకపోతే ప్రోగ్రాంను అక్కడే ఆపేయండి.