మదీనాగూడ దేశదిమ్మరి

తెలుగునాట దేశదిమ్మరి అన్నమాట చాలాకాలం తిట్టుగానే చెలామణి అయింది. ఇల్లూ వాకిలీ పట్టకుండా ఊళ్లంట తిరిగేవాడికి పిల్లనివ్వరాదన్న తీర్మానం ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉండేది. 2020 ఆగస్టులో ఎస్టోనియా డిజిటల్ నోమాడ్ వీసాను, అనగా ఒక దేశపు జీతం పుచ్చుకుంటూ మరొక దేశంలో కాపురముండి కంప్యూటరు మీద పని చేసుకునేవారికిచ్చే దీర్ఘకాల అనుమతిని ప్రవేశపెట్టి ఈ తిట్టును బిరుదుగా మార్చగా, తరువాత అనేక దేశాలు అదే బాట పట్టాయి. అయితే బిరుదు ఊరికే రాదు. చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం పాత దేశదిమ్మరి లక్షణం కాగా, కొత్త దేశదిమ్మరి నెలనెలా జీతం పడుతున్నట్టు, అద్దె కట్టగలిగినట్టు, ఏ పోలీసు రికార్డులోనూ తన పేరు లేనట్టు కాగితాలతో రుజువు చేసుకోవాలి. హైదరాబాద్‌లో మియాపూర్‌కూ చందానగర్‌కూ నడుమ, ముంబయి జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న మదీనాగూడ అపార్టుమెంట్లలో ఈ రుజువుల సేకరణే జీవనవిధానంగా గలవాడొకడు తరచుగా తారసపడతాడు.

ఈ మనిషిని అర్థం చేసుకోవాలంటే ముందు పరదేశ ఆదాయమంటే ఏమిటో తెలియాలి. వీసా ఇచ్చే దేశానికి వెలుపలి నుంచి వచ్చే రాబడి ఏదైనా ఆ దేశం లెక్కలో పరదేశ ఆదాయమే గనుక, మాదాపూర్ కంపెనీ రూపాయల్లో వేసే జీతం కూడా లిస్బన్ చేరేసరికి ఫారిన్ డబ్బు అవుతుంది. డాలర్లు సంపాదించే తోడల్లుడి ఎదుట ఇన్నేళ్లూ తలవంచుకు కూర్చున్నవాడికి ఈ ఒక్క నిర్వచనం కలిగించే ఊరట ఇంతా అంతా కాదు. చిక్కంతా పరిమాణంలో ఉంది. పోర్చుగల్ 2022 అక్టోబరులో మొదలుపెట్టిన డీ8 నోమాడ్ వీసాకు ఆ దేశపు కనీస వేతనానికి నాలుగింతల నెలసరి రాబడి కావాలి. అది 2023లో 3,040 యూరోలు, 2025లో 3,480 యూరోలు, అంటే మూడు లక్షల పైచిలుకు రూపాయలు. అక్కడి కనీస వేతనం జనవరిలో పెరుగుతుంది, ఇతని హైక్ ఏప్రిల్‌లో వస్తుంది. ఏప్రిల్‌లో అందినట్టే అందిన గీత జనవరికల్లా పైకి జరిగిపోతుంది కాబట్టి, లిస్బన్ కార్మికుడి జీతం పెరిగిందన్న వార్తకు మదీనాగూడలో మనసు కష్టపెట్టుకునే ఏకైక వ్యక్తి ఇతడే కావచ్చు.

స్పెయిన్ 2022 డిసెంబరులో చేసిన స్టార్టప్ చట్టం కింద ఇచ్చే ఇటువంటి వీసాకు అక్కడి కనీస వేతనానికి రెండింతలుంటే చాలును గాని, దూరం నుంచి పని చేయడానికి యజమాని ఒప్పుకున్నట్టు లేఖ కావాలి. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనంటూ, పది కిలోమీటర్ల లోపున్న మదీనాగూడనే దూరంగా ఒప్పుకోని హెచ్‌ఆర్ విభాగం వలెన్సియాను ఒప్పుకుంటుందా అన్న సందేహం ఇతనికి కొత్తగూడ కూడలి ట్రాఫిక్‌లో మాత్రమే కలుగుతుంది, ఇల్లు చేరేసరికి తీరిపోతుంది. జపాన్ 2024లో తెచ్చిన ఇటువంటి వీసాకు ఏడాదికి కోటి యెన్లు కావాలని లెక్క కట్టిన తరువాత గాని, దానికి అర్హమైన దేశాల జాబితాలో భారతదేశమే లేదని ఇతడు గమనించలేదు. థాయిలాండ్ అదే ఏడాది జీతానికి బదులు 5 లక్షల బాత్‌ల నిల్వ చూపితే చాలునన్నది గాని, అంత సులువైన వీసాలో గౌరవం తక్కువని ఇతని అభిప్రాయం.

ఇతని అసలు ఆస్తి ఫైలు. అందులో ఇంజనీరింగ్ పట్టా ఉంటుంది, దాని మీద అపోస్టిల్ ఉంటుంది. 1961 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాలు ఒకదాని పత్రాన్ని మరొకటి నమ్మడానికి పెట్టుకున్న ముద్ర ఇది, భారతదేశంలో 2005 నుంచి అమలులో ఉంది. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం ఆరు వరుసలు కాగా, కర్రీ పాయింటుకూ పాలవాడికీ యూపీఐలో కొట్టిన మొత్తాలు నలభై పేజీలు. ఆ పేజీల నుంచి ఇతని స్థిరత్వాన్ని ఏరుకోవలసిన కాన్సులేటు అధికారి మీద జాలిపడటం పాఠకుల ధర్మం. వీసా కోసం మొక్కుకొని చిలుకూరు బాలాజీకి ఇతడు పదకొండు ప్రదక్షిణలు ఎన్నడో పూర్తిచేశాడు. కోరిక తీరాక చేయవలసిన నూటఎనిమిది మాత్రం ఇంకా బాకీ.

వలస విషయంలో తెలుగువాడి తర్కం తండ్రి ఫోనులో బయటపడుతుంది.

“అక్కడ ఉద్యోగం దొరికిందేంట్రా?”

“లేదు నాన్నా. అక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. ఉద్యోగం ఇక్కడిదే.”

“మరి అక్కడికెందుకురా?”

ఈ ప్రశ్నకు ఫైలులో పత్రం లేదు; సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఇతడు ఫోను పెట్టేస్తాడు.

పత్రాలకు ఆయుర్దాయముంటుంది. జీతం గీత దాటేసరికి స్టేట్‌మెంటు పాతబడుతుంది, స్టేట్‌మెంటు కొత్తది తెచ్చేసరికి నేరచరిత్ర లేదని చెప్పే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ గడువు దాటుతుంది. దానికి మళ్లీ దరఖాస్తు పెట్టగా విచారణకు వచ్చిన కానిస్టేబుల్, ఈయన ఇక్కడే ఉంటారా అని ఎదురింటి పెద్దావిడను అడిగాడు.

“ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను బాబూ, గుమ్మం దాటి ఎక్కడికీ కదలడు,” అని ఆవిడ సాక్ష్యం చెప్పి, పేరూ ఫోను నంబరూ రాసి సంతకం పెట్టింది.