మా ఒంట్లో తయారుకానిది

కుందేలు మేత పెట్టి నన్ను పెంచారు. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నేను గినీపిగ్‌ని. మా పూర్వీకులది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడివాళ్లు వేల ఏళ్ల కిందటే మమ్మల్ని మచ్చిక చేసుకుని తిండికోసం పెంచుకున్నారు. నేను మాత్రం పుట్టింది హైదరాబాద్‌లో, ఒక దుకాణం వెనక గదిలో. నన్నూ నా చెల్లెల్నీ ఒక పాప పుట్టినరోజుకని కొన్నారు. ‘వీటికి ఏం పెట్టాలి?’ అని వాళ్ల నాన్న అడిగితే, దుకాణం అతను కుందేలు ఫీడ్ పొట్లం చేతిలో పెట్టి, ‘రెండింటికీ ఇదే సార్’ అన్నాడు.

రెండింటికీ ఒకటి కాదు. కుందేలు తనకు కావలసిన విటమిన్ సి తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. ఎలుకా అంతే, కుక్కా పిల్లీ అంతే. మాకు ఆ శక్తి లేదు. దానికి కావలసిన ఎంజైము మా ఒంట్లో లేదు, మీ ఒంట్లోనూ లేదు. కుందేలుకు అక్కర్లేదు కాబట్టి దాని మేతలో ఆ విటమిన్ కలపరు.

మాలోని ఈ లోపమే ఒకప్పుడు మీకు పనికొచ్చింది. నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులు ఈ విటమిన్ అందక చిగుళ్లు కుళ్లి, పళ్లు ఊడి, స్కర్వీతో చనిపోయేవారు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ మావాళ్లకు ఒట్టి ధాన్యం పెట్టి చూశారు. వాళ్లు వెతుకుతున్నది వేరే జబ్బు; మావాళ్లకు వచ్చింది స్కర్వీ. క్యాబేజీ, నిమ్మరసం ఇస్తే అది రాలేదు. ఎలుకలకు పెట్టి ఉంటే ఏమీ తేలేది కాదు. తర్వాత హంగరీలో ఆల్బర్ట్ సెంట్ జార్జి ప్రయోగశాలలోని ఒక పదార్థం విటమిన్ సి అని రుజువైందీ మావాళ్ల మీదే. అక్కడి సెగెడ్ ఊరి మిరపకాయల నుంచి ఆయన దాన్ని పెద్ద మొత్తంలో తీశారు. 1937లో నోబెల్ వచ్చింది. ఆ పనిలో మా జాతి ప్రాణాలూ ఉన్నాయని గర్వంగా చెప్పుకుంటాను.

అంతా తెలిసిన మనుషుల ఇంట్లోనే నాకు స్కర్వీ వచ్చింది.

పాప ప్రేమకు లోటు లేదు. రోజూ కీరదోస చక్రాలు, క్యారెట్, ఆపిల్ తొక్కలు పెట్టేది. ఆశగా తినేవాళ్లం. కానీ మాకు కావలసింది వాటిలో నామమాత్రం. గడ్డి ఎవరూ వేయలేదు. మా పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, పీచు గడ్డి నమిలితేనే అరుగుతాయి. కొన్ని వారాలకు నా మోకీళ్లు వాచాయి. పాప ఎత్తుకుంటే చాలు, నొప్పికి కీచుమనేదాన్ని. ‘భయపడుతోంది’ అనుకున్నారు. చెల్లెలు గిన్నెదాకా వచ్చేది, మూతి ఆనించేది, తినకుండానే వెనక్కి తిరిగేది. గిన్నె అంచుకు దాని చిగుళ్ల నెత్తురు అంటుకునేది. ఒక రోజు పొద్దుటి నుంచీ అది ఏమీ ముట్టలేదు. ‘రేపు చూద్దాంలే’ అన్నారు. మా పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. మేత ఆగితే అవీ ఆగిపోతాయి. తెల్లారేసరికి చెల్లెలు గూటి మూలన బిగుసుకుపోయింది.

అది పోయాకగానీ నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఆమె నా మోకాలు మెల్లగా తడిమి, పెదవి ఎత్తి చిగుళ్లు చూసి, ‘విటమిన్ సి ఇస్తున్నారా?’ అని అడిగింది. తాగే నీళ్లలో చుక్కలు కలుపుతామన్నాడు పాప నాన్న. ఆమె వద్దంది. నీళ్లలో దాని బలం త్వరగా పోతుంది, రుచి మారితే మేం నీళ్లే మానేస్తాం. సూది లేని సిరంజితో నోట్లోనే వేయమంది.

ఇప్పుడు నా గూట్లో ఎండుగడ్డి ఎప్పుడూ ఉంటుంది. శుభ్రంగా కడిగిన గరిక తెస్తారు. రోజూ క్యాప్సికం ముక్క, కొంచెం కొత్తిమీర, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. ఆరోగ్యంగా ఉంటే కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి సరిపోతుంది. జబ్బుపడ్డా, కడుపుతో ఉన్నా ఇంకా కావాలి. మా కోసమే చేసిన మేత కొన్నా తయారీ తేదీ చూడాలి. నిల్వ ఉన్నకొద్దీ అందులోని విటమిన్ తరిగిపోతుంది.

మమ్మల్ని పెంచుకునేవాళ్లకు నా మనవి ఇది. పూటపూటా మా గిన్నె చూడండి. మేత ముట్టలేదంటే అదే రోజు డాక్టరుకు చూపించండి, రేపటిదాకా ఆగకండి.